తగు చర్య నిమిత్తం పంపిన పేషెంటు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, ఖమ్మం నుంచి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ప్రభుత్వ దవాఖానాకు ఆఫీసు సూపరింటెండెంటుగా బదిలీ అయ్యాను. దవాఖానా పేరు రాయడం లేదు. అక్కడివాళ్లు చాలామంది ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. తెలియని వాళ్ల కోసం ఒక సంగతి చెప్పాలి. దవాఖానాలో సూపరింటెండెంట్లు ఇద్దరుంటారు. మెడికల్ సూపరింటెండెంటు డాక్టరు, మొత్తానికి ఆయనే పెద్ద. ఆఫీసు సూపరింటెండెంటు గుమాస్తాలకు పెద్ద. రోగాలు ఆయన చూస్తారు, కాగితాలు నేను చూస్తాను. నా గది బయట బోర్డు చూసి లోపలికొచ్చి నా ముందు నాలుక చాపినవాళ్లు కూడా ఉన్నారు.

మాది పెనుబల్లి. జూనియర్ అసిస్టెంటుగా చేరి అప్పటికి ముప్పై రెండేళ్లుగా డ్రాఫ్టులు రాస్తున్నాను. డ్రాఫ్టు అంటే పై అధికారి సంతకం చేయబోయే ఉత్తరానికి గుమాస్తా రాసే చిత్తు. ఖమ్మంలో పనిచేసినన్నాళ్లూ కోర్టు వ్యవహారమైనా, ఆడిట్ అభ్యంతరమైనా ఇంగ్లీషులో జవాబు రాయాలంటే నన్నే పిలిచేవారు. నా డ్రాఫ్టులో ఒక కామా మారితే ఆ రోజు నాకు అన్నం సహించేది కాదు. గర్వమా అంటే గర్వమే, దాచుకోవడం దేనికి?

జూలైలో రజిత అనే స్టాఫ్ నర్సు అనుభవ ధ్రువపత్రం కోసం నా దగ్గరికి వచ్చింది. ఇల్లందు వైపు అమ్మాయి, వయసు ముప్పై దాటి ఉంటుంది. తండ్రి బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యాడు. ఈమె తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. కాంట్రాక్టు నర్సు ఫైలు ప్రతి మార్చిలోనూ కదలాలి. మరో ఏడాది కొనసాగించమని మేము రాయాలి, పైనుంచి ఉత్తర్వు రావాలి. ఒక్కోసారి ఆ ఉత్తర్వు మే నెలలో వస్తుంది. ఈలోగా మనిషి డ్యూటీ చేస్తూనే ఉంటుంది, ఉద్యోగం ఉందో లేదో మాత్రం ఎవరూ చెప్పలేరు.

ధ్రువపత్రం దేనికమ్మా అని అడిగాను. విదేశంలో ఒక ఆసుపత్రివాళ్లు వీడియోలో ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేశారనీ, డిసెంబరు నెలాఖరు వరకే ఆగుతామన్నారనీ, ఆలోగా ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలనీ చెప్పింది. వినడం, చదవడం, మాట్లాడడం ఇబ్బంది లేదు. రాయడం దగ్గరే రెండుసార్లు ఆగిపోయింది. ఆ భాగంలో ఉండేది ఒకే ఒక్క ఉత్తరం. ఒక పేషెంటు వివరాలు ముక్కలు ముక్కలుగా ఇస్తారు. నలభై ఐదు నిమిషాల్లో, ఆ పేషెంటును అందుకోబోయే డాక్టరుకో నర్సుకో ఉత్తరం రాయాలి. అక్టోబరులో మూడోసారి రాయబోతోంది. గడువులోగా అదే ఆఖరిది.

“నాకు పక్కా నౌకరి కావాలె సార్,” అంది. “తొమ్మిదేండ్ల సంది మార్చి వచ్చిందంటే నా గుండె దడదడ అంటది. నాకు పనొస్తది. పని రాక ఫెయిలైతలేను. నా రాతల ఫార్మల్ మాటలు లెవ్వంటున్రు.”

ఆమె పాత ఉత్తరాలు చూపించింది. వార్డులో రాసుకునే పొట్టి అక్షరాలు, సగం సగం వాక్యాలు, మధ్యలో ‘పేషెంట్ ఈజ్ ఓకే నౌ’. కోచింగ్‌వాళ్లు కొన్ని మాటలు ఇచ్చారు. మొదలుపెట్టడానికి ‘కమెన్స్’, మందు ఇవ్వడానికి ‘అడ్మినిస్టర్’, అవసరమవడానికి ‘రిక్వైర్’. ఫార్మల్ అన్న మాట చెవిన పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ముప్పై రెండేళ్లుగా నేను అన్నం తింటున్నదే ఆ భాషతో. ఉదయం డ్యూటీ రెండింటికి దిగగానే అరగంట నా గదికి రమ్మన్నాను, అక్టోబరు దాకా ఎందుకు, ఆగస్టుకే తయారుచేస్తానన్నాను.

ఆఫీసు ఇంగ్లీషుకు ఒక పద్ధతి ఉంది. గుమాస్తా ఎప్పుడూ ‘నేను’ అనడు, ‘క్రింద సంతకం చేసినవారు’ అంటాడు. ఇది చేయండి అని ఎవరికీ చెప్పడు, ‘తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది’ అంటాడు. పని జరిగిందని రాస్తాడు గానీ ఎవరు చేశారో వాక్యంలో దొరకదు. మొదట సబ్జెక్టు, కింద రిఫరెన్సులు, తర్వాత పాత చరిత్ర, అసలు విషయం ఆఖరి పేరాలో. రేపు ఆడిట్ వచ్చినా, విచారణ వచ్చినా ఆ కాగితం మన మెడకు చుట్టుకోకూడదు. నేను దీన్ని గొప్ప విద్యగా నేర్చుకున్నాను, గొప్ప విద్యగానే నేర్పాను. ‘అఫోర్‌సెయిడ్’ అంటే సదరు. ‘హియర్‌విత్’ అంటే ఇందు వెంట. ‘డూ ది నీడ్‌ఫుల్’ అంటే తగినది చేయగలరు. నూట ఇరవై మాటల పట్టిక నా చేతిరాతతో ఇచ్చాను.

ఆ అమ్మాయి పట్టుదల చూసి తీరాలి. ప్లాస్టరు ముక్కలు చింపి ఒక్కో దాని మీద ఒక్కో మాట రాసి, మందుల ట్రేకు, సూదుల డబ్బాకు, వ్యాక్సిన్ ఫ్రిజ్ తలుపుకు అంటించింది. వచ్చేటప్పుడు పోయేటప్పుడు చదువుకునేది. హెడ్ నర్సు నస్రీన్ సిస్టర్ అది చూసింది. ఆవిడది ఖమ్మంలో తరతరాలుగా బట్టలు కుట్టే కుటుంబం. పాతికేళ్ల సర్వీసు, ఎవరి మొహం మీదైనా ఉన్నమాట అనేస్తుంది. “అరే, ఫ్రిజ్‌కు ఏం దెబ్బ తాకిందే పిల్లా, గిన్ని పట్టీలేసినవ్?” అని అడిగిందట.

ఒక రోజు రజిత కాస్త నసిగింది. కోచింగ్‌లో ఉత్తరం ఇలా రాయమనలేదని అంది. “వాళ్లు ఒక్క ఫైలైనా నడిపారా అమ్మా?” అన్నాను. ఆమె తల వంచి పట్టికలో తర్వాతి మాట రాసుకుంది. ప్రతి మార్చిలో తన ఫైలు కదిలేది నా కుర్చీలో కూర్చునేవాడి చేతి మీదుగానే. అలాంటి మనిషికి ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టమే. అప్పుడు నాకు ఆ ఆలోచన రాలేదు.

ఆగస్టు మూడో వారానికి ఆమె పూర్తిగా నా దారికి వచ్చేసింది. చక్కెర జబ్బుతో కాలికి పుండు పడ్డ ముసలమ్మ గురించి సాధన ఉత్తరం రాయమంటే, ‘పై విషయమును పురస్కరించుకొని’ అన్న ధోరణిలో మొదలుపెట్టి, సదరు పేషెంటును తదుపరి ఉత్తర్వుల నిమిత్తం సమర్పించి ముగించింది. పదికి పది వేశాను. ఎర్ర సిరా ముట్టకుండా నేను తిరిగిచ్చిన డ్రాఫ్టు నా సర్వీసు మొత్తంలో అదొక్కటే.

ఆ వారంలోనే పత్తి చేలో కలుపు తీస్తున్న ఒక ఆడమనిషిని పాము కరిచింది. లోపలి గూడెం నుంచి ట్రాక్టరు మీద తీసుకొచ్చారు. డ్యూటీ డాక్టరు పాము మందు ఎక్కించడం మొదలుపెట్టారు. గంట తర్వాత కనురెప్పలు వాలడం మొదలైంది. అంటే విషం నరాలకు ఎక్కుతోందని, ఊపిరి కండరాలు కూడా పట్టు తప్పవచ్చని అర్థం. మా దగ్గర వెంటిలేటరు లేదు, ఖమ్మం పంపాలి. పంపేటప్పుడు పేషెంటు వెంట ఒక ఉత్తరం వెళుతుంది, దాన్నే రిఫరల్ లెటరు అంటారు. అప్పుడే కాన్పు గదిలోంచి పిలుపు రావడంతో డాక్టరు నాలుగు ముక్కలు నోటితో చెప్పి, రజితను రాయమని వెళ్లిపోయారు. ఆమె రాసింది, ఆయన పరుగున వచ్చి సంతకం పెట్టి, “ఇంగ్లీష్ జబర్దస్త్‌గుందే,” అని మళ్లీ పరుగెత్తారు. పన్నెండు కాకముందే అంబులెన్స్ కదిలింది. ఆ మెచ్చుకోలు సంగతి రజిత నా గది దాకా వచ్చి చెప్పి వెళ్లింది. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను.

రెండు గంటలకు పది నిమిషాల ముందు నా బల్ల మీద ఫోను మోగింది. ఖమ్మంలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ. గొంతులో తొందర, కోపం రెండూ ఉన్నాయి.

“ఏంది సార్ ఈ లెటరు? మొదటి పేజీ మొత్తం సదరు పేషెంటు, సదరు గ్రామం. ఎన్నింటికి కరిచింది? ఎన్ని వయల్స్ ఎక్కించిన్రు? రెప్పలు వాలుడు ఎప్పుడు మొదలైంది? రెండో పేజీ కిందికి దిగితే ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అని ఉంది. తగు చర్య ఏందో జర మీరే చెప్పున్రి.”

ఆ వాక్యాలు ఆమె ఫోనులో చదువుతుంటే ఒక్కొక్కటీ గుర్తుపట్టాను. అన్నీ నావే. పేషెంటు ఎలా ఉందని అడిగాను. అంబులెన్స్‌లో వెళ్లిన టెక్నీషియన్ దారిలో చూసింది నోటితో చెప్పాడనీ, ట్యూబ్ వేసి వెంటిలేటరు పెట్టామనీ, అంతకుముందు మీరేం చేశారో తెలియాలనీ అంది. నేను కుర్చీలోంచి లేచి వరండాలోకి కేకేశాను. రజిత పరుగెత్తుకొచ్చి రిసీవర్ అందుకుంది.

“మేడమ్, తొమ్మిదింబావుకు కరిచింది, కుడి మడిమె కాడ. పదికి మా దగ్గరికొచ్చిన్రు. పదీ పదికి పాము మందు షురువు జేసినం, పది వయల్స్ ఎక్కించినం. పదకొండు పదికి రెప్పలు వాలినయ్, మింగుడు కష్టమైతదన్నది. ఆక్సిజన్ వెట్టి పంపినం. ఊపిరి తగ్గుతదేమోనని పంపినం మేడమ్, వేరే జబ్బులేం లెవ్వు.”

అరనిమిషం పట్టింది. అటునుంచి డాక్టరమ్మ అన్నది నాకూ వినిపించింది. “అవ్, గిదే గదా కావాల్సింది. గిట్లనే రాస్తే అయిపోవు గదమ్మా.”

ఫోను పెట్టేశాక రజిత నా వైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు, మాటలో మాత్రం నిప్పులు. “నా పరీక్ష సంగతి పక్కకు వెట్టున్రి సార్. ఆ అక్కకు ఏమన్న అయితే నేనేం మొకం వెట్టుకొని బతకాలె? నాకు తెలిసిందే రాయలేకపోయిన.” అని గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. ఆమె తెలివి తక్కువ పిల్లేం కాదు, నేను నేర్పింది అక్షరం పొల్లుపోకుండా నేర్చుకుంది, అదే జరిగిన తప్పు. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆ ఉత్తరంలో భాష నాదని చెప్పాను. ఆయన, పూర్తిగా చదవకుండా సంతకం పెట్టిన తప్పు తనదీ ఉందన్నారు.

పాము కరిచిన ఆమె కోలుకుంది. తొమ్మిదో రోజున తన కాళ్ల మీద తాను నడుస్తూ మా దవాఖానాకు వచ్చి నస్రీన్ సిస్టర్‌కు, రజితకు సంచెడు మొక్కజొన్న కంకులు ఇచ్చి వెళ్లింది. ఆఫీసు వైపు ఒక్క కంకి కూడా రాలేదు. న్యాయమే.

రజిత మాత్రం అప్పటికే నా గదికి రావడం మానేసింది. అక్టోబరు పరీక్షకు ఆరు వారాలే ఉంది. నేనే వార్డుకు వెళ్లాను. నర్సుల డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ అని ఒకటి జరుగుతుంది. దిగిపోయే నర్సు, ఎక్కే నర్సు కలిసి ప్రతి మంచం దగ్గరా నిలబడతారు. ఆ పేషెంటుకు ఏమైంది, ఏం చేశాం, ఇంకా ఏం చేయాలి, దేన్ని కనిపెట్టుకుని ఉండాలి అని దిగిపోయే మనిషి చెప్పాలి. ముప్పై రెండేళ్లు దవాఖానా కాగితాలు రాసినవాణ్ని, దాన్ని ఒక్కసారీ చూడలేదు. ఆ వేళ బయటివాళ్లకు ప్రవేశం లేదు. నేను చూస్తానని నస్రీన్ సిస్టర్‌ను అడిగాను.

ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూసింది. “మీ ఇంగ్లీషుతోని ఫైలు నడుస్తది సార్, పేషెంటు నడవడు,” అంది. తర్వాత మెత్తబడి, “రాండ్రి. చెప్పులు బయట, నోరు బంద్,” అంది.

పన్నెండు మంచాలు. రజిత పదే పది నిమిషాల్లో అప్పజెప్పేసింది. ఎక్కడా తడుముకోలేదు, ఎక్కడా ఎక్కువ మాట లేదు. నేనైతే ఒక్కో మంచానికి రెండు పేజీలు రాసేవాణ్ని. అయిపోయాక అక్కడే వరండాలో ఆమెకు నా పొరపాటు ఒప్పుకున్నాను. పెద్దవాణ్ని, ఒప్పుకోవడం తేలికేం కాదు. నువ్వు ఇప్పుడు చెప్పావే, అదే ఉత్తరం, దానికి బట్టలు వేయడం వరకే నా పని అన్నాను. ఆమె, “సరే సార్, గని ఈసారి సిస్టర్ గూడ కూసోవాలె,” అంది. నా మీద నమ్మకం అంతవరకే మిగిలిందన్నమాట.

ఆ మర్నాటి నుంచి పాఠం పద్ధతి మారింది. రోజుకొక పేషెంటు. రజిత ముందు తెలుగులో, తర్వాతి డ్యూటీ నర్సుకు చెప్పినట్టే చెప్పాలి. నేను ఆ విషయాలను ఆమె చెప్పిన వరుసలోనే కాగితం మీద పెట్టాలి. తర్వాత ఒక్కో విషయానికి ఒక్కో ఫార్మల్ మాట. కోచింగ్‌వాళ్లు ఇచ్చిన మాటలు అప్పుడు పనికొచ్చాయి. ‘అడ్మినిస్టర్’ అని రాస్తే దాని వెంటే ఏ మందు, ఎంత, ఎన్నింటికి అని ఉండాలి. ‘రిక్వైర్’ అని రాస్తే ఏది, రోజుకు ఎన్నిసార్లు అని ఉండాలి. వట్టి గౌరవం కోసం వచ్చిన మాటకు చోటు లేదు.

నస్రీన్ సిస్టర్ ఉత్తరం అందుకునే మనిషి. సెలైన్ సీసాల లెక్కల పుస్తకం రాసుకుంటూనే చెవి ఇటు వేసేది. ప్రతి వాక్యం అయ్యాక ఒకటే ప్రశ్న. “ఐతే నేనేం జెయ్యాలె?” ఆ వాక్యం జవాబు చెప్పకపోతే కొట్టేయాలి. నా నూట ఇరవై మాటల పట్టికలో మొదటి వారమే తొంభై పోయాయి. ‘అఫోర్‌సెయిడ్’ పోతుంటే నాకు నిజంగానే బాధేసింది. ఎన్ని ఆడిట్లలో నా పక్కన నిలబడిన మాట అది! నస్రీన్ సిస్టర్ మాత్రం, “ఆయన సర్వీసు అయిపోయింది, పెన్షన్ ఇచ్చి పంపున్రి,” అంది.

అన్నిటికన్నా మొండిది ‘కైండ్లీ’. నా చేతికి అది పుట్టుమచ్చలా అంటుకుని ఉంది. నేను రాసిచ్చిన నమూనా ఉత్తరంలో ఒక్క పేజీలో నాలుగుచోట్ల వచ్చింది. రజిత ఎర్ర పెన్ను తీసుకుని, “మళ్లొచ్చింది సార్,” అంటూ నాలుగూ సున్నా చుట్టి నాకే తిరిగిచ్చింది. అంతకుముందు నా డ్రాఫ్టును దిద్దినవాళ్లు గెజిటెడ్ ర్యాంకుకు తగ్గలేదు. ఆ రోజు మాత్రం అన్నం బాగానే సహించింది.

సెప్టెంబరు నెలాఖరుకు ఆమె నలభై ఐదు నిమిషాల్లో ఒక పేజీ ఉత్తరం రాయగలిగింది. మొదటి ఐదు నిమిషాలు పెన్ను ముట్టుకునేది కాదు. ఇచ్చిన వివరాల్లో అవతలి మనిషికి ఏవి కావాలి, ఏవి అక్కర్లేదు అని గుర్తు పెట్టుకునేది. పాత రోగాల చరిత్ర ఎంత ఊరించినా అవసరం లేకపోతే వదిలేసేది. ఆ వదిలేయడం నేర్చుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది, నాకు ఇంకా ఎక్కువ.

అక్టోబరులో హైదరాబాద్ వెళ్లి పరీక్ష రాసి వచ్చింది. ఎలా రాశావని అడిగితే, “సిస్టర్ పక్కన కూసొని అడుగుతున్నట్టే అనిపిచ్చింది,” అంది. తర్వాత రోజులు మా ముగ్గురికీ కష్టంగానే గడిచాయి. నస్రీన్ సిస్టర్ బయటపడేది కాదు గానీ, రోజూ నా గది ముందు ఆగి, “ఏమన్న వచ్చిందా?” అని నన్నడిగేది, ఫలితం నా ట్రేలోకి తపాలాలో వస్తుందన్నట్టు.

నవంబరు మొదట్లో ఒక ఉదయం వార్డులోంచి అరుపు వినిపించింది. ఎవరికో ఏదో అయిందనుకుని నేను, నా వెనక ఇద్దరు గుమాస్తాలు పరుగెత్తాం. రజిత ఫోను పట్టుకుని ఎగురుతోంది. నస్రీన్ సిస్టర్ ఆమె భుజాలు పట్టుకుని, “పేషెంట్లు లేస్తరే, మెల్లగ!” అని తనే అంతకన్నా గట్టిగా అరుస్తోంది. రాయడంలో కావలసిన గ్రేడు వచ్చింది. నాకు ఎంత సంతోషమైందంటే, మెడికల్ సూపరింటెండెంటు అనుమతి లేకుండా ఆఫీసు మొత్తానికి మిర్చి బజ్జీలు తెప్పించాను.

డిసెంబరులో ఆమె రాజీనామా ఇచ్చింది. విడుదలయ్యే రోజున వాళ్ల నాన్న ఇల్లందు నుంచి వచ్చాడు. నా చేతులు రెండూ పట్టుకుని, “మా బిడ్డకు ఇంగ్లీషు నేర్పింది మీరేనంట గద సార్,” అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు రజిత అందుకుంది. “అవ్ నాయనా. ముందుగాల సార్ నేర్పిండు, ఎనుక నస్రీన్ సిస్టర్ మరిపిచ్చింది.” ఆయనకు అర్థం కాలేదు గానీ మేము నవ్వుతుంటే తనూ నవ్వాడు.

ఆమె విడుదల ఉత్తర్వు నేనే డ్రాఫ్టు చేశాను. ఎవరు, ఏ పోస్టు, ఏ రోజు మధ్యాహ్నం నుంచి విడుదల, ఆమె బాధ్యతలు ఎవరికి అప్పజెప్పాలి. నాలుగు వరుసలు. టైపు చేసిన జూనియర్ అసిస్టెంటు కాగితాన్ని వెనక్కి తిప్పి చూసి, “ఇంతేనా సార్? మిగతాది మళ్ల ఇస్తరా?” అని అడిగాడు. ఇంతే అన్నాను.

ఆ వ్యవహారంలో నేను తెలుసుకున్నది ఇది. రేపు ఎవరూ నన్ను పట్టుకుని అడగకుండా ఉండేలా నేను ముప్పై రెండేళ్లు రాశాను. రజిత రాయవలసింది, అవతలివాళ్లు మళ్లీ ఫోను చేసి అడగవలసిన పని లేకుండా. రెంటినీ ఫార్మల్ అనే అంటారు. మొదటిది రాసినవాణ్ని కాపాడుతుంది, రెండోది ఎవరి గురించి రాశామో ఆ మనిషిని కాపాడుతుంది.